రాత్రి బొమ్మలూ, లెన్సు ముందు గాజుముక్కా



రీలు కెమెరా మళ్లీ బయటికొచ్చింది. నాన్నగారి పెళ్లినాటి యాషికానో, మేనమామ అమెరికా నుంచి తెచ్చిన పెంటాక్స్‌నో అటక మీంచి దించి, బాగు చేయించుకుని మెడలో వేసుకున్న పిల్లలు మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వీధుల్లో కనిపిస్తున్నారు. వాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. ఆఫీసులోంచి బయటపడేసరికి చీకటి పడుతుంది కాబట్టి వాళ్ల రీళ్లలో సగానికి పైగా రాత్రి బొమ్మలే. సైబర్ టవర్స్ చౌరస్తా, దుర్గం చెరువు మీది తీగల వంతెన, రాయదుర్గం మెట్రో స్టేషను మెట్లు, నానక్‌రామ్‌గూడలో టీ బండి దగ్గర వేలాడే బల్బు.

వీళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. లెన్సుకు గీతలు పడకుండా ముందు ఒక గాజు ఫిల్టరు బిగిస్తాం. యూవీ అనో, స్కైలైట్ అనో, ఉత్త ప్రొటెక్టర్ అనో అమ్ముతారు. పగలు సరే. రాత్రి అసలే వెలుతురు తక్కువ. పైగా రీలు ఎక్కించాక ఇక దాని వేగం మన చేతిలో ఉండదు. 400 ఎక్కిస్తే ముప్పైఆరో బొమ్మ దాకా 400తోనే కాపురం. అంత తక్కువ వెలుతురులో ఈ గాజుముక్క కూడా తన వాటా మింగేస్తుందా?

మింగుతుంది. కానీ అది లెక్కలోకి వచ్చేంత కాదు. అయినా సరే, దీపాల మధ్య బొమ్మ తీసేటప్పుడు ఫిల్టరు తీసేయండనే నేను చెబుతాను. దానికి కారణం వేరు. రాత్రిపూట ఫిల్టరుతో వచ్చే ఇబ్బంది వెలుతురు తగ్గడం కాదు, ఉండకూడని చోట వెలుతురు కనిపించడం.

ముందు మింగుడు సంగతి తేల్చుకుందాం. గాలిలోంచి గాజులోకి దిగేటప్పుడు వెలుతురులో కొంత వెనక్కి మళ్లుతుంది. రాత్రి బస్సు కిటికీలో మన ముఖం మనకు కనిపించేది అలా మళ్లిన వెలుతురుతోనే. మామూలు గాజైతే ఒక్కో ముఖం దగ్గర నూటికి నాలుగు వంతులు మళ్లిపోతుంది. ఫిల్టరుకు రెండు ముఖాలు, కాబట్టి పోయేది సుమారు 8 శాతం, లోపలికి వెళ్లేది 92. ఇది పూత లేని చవక ఫిల్టరు లెక్క.

ఫొటోగ్రాఫర్లు శాతాల్లో లెక్కపెట్టరు, స్టాపుల్లో లెక్కపెడతారు. ఒక స్టాపు తగ్గిందంటే వెలుతురు సగమైందని. 8 శాతం పోవడమంటే స్టాపులో ఎనిమిదో వంతు. పాత కెమెరాలో షట్టరు డయలు ఒక గీత జరిగితే ఒక పూర్తి స్టాపు. ఎపర్చరు రింగు చాలా లెన్సుల్లో సగం స్టాపుకు ఒకసారి టిక్కుమంటుంది. ఎనిమిదో వంతు సర్దడానికి కెమెరా మీద చోటే లేదు. 1 సెకను ఇవ్వాల్సిన బొమ్మకు 1.09 సెకన్లు ఇస్తే సరిపోతుంది. ముప్పై నలభై ఏళ్ల మెకానికల్ షట్టరు తన మానాన తానే అంతకంటే ఎక్కువ అటూ ఇటూ తిరుగుతుంది. కలర్ నెగెటివ్ రీలు ఈ తేడాను అసలు గుర్తుపట్టదు. స్లైడు రీలు చాలా సున్నితం, మూడో వంతు స్టాపు తేడాకే రంగు మారినట్టు అనిపిస్తుంది. దానిమీద కూడా ఎనిమిదో వంతు కంటికి ఆనడం కష్టం.

పూత వేసిన ఫిల్టరైతే ఈ మాత్రం నష్టం కూడా ఉండదు. ఈ పూతకు సరదా చరిత్ర ఉంది. ఇంగ్లండులో లార్డ్ రాలీ 1886లో ఒక వింత గమనించాడు. పాతబడి మసకబారిన గాజు, కొత్త గాజు కంటే తక్కువ వెలుతురును వెనక్కి కొడుతోంది. లెన్సులు తయారుచేసే డెన్నిస్ టేలర్ కూడా అలా రంగు మారిన పాత లెన్సులు మునుపటికంటే ఎక్కువ వెలుతురు పంపుతున్నాయని చూసి, గాజును కావాలని అలా మార్చే పద్ధతికి 1904లో పేటెంటు తీసుకున్నాడు. వన్నె తగ్గితే పనితనం పెరగడం లెన్సుకే చెల్లింది. పల్చటి పూతను నమ్మకంగా వేసే పద్ధతి మాత్రం 1935లో జైస్ కంపెనీలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా చేతిలో కుదిరింది. అదే జైస్‌లో పాల్ రుడోల్ఫ్ 1896లోనే ప్లానార్ అనే చక్కటి లెన్సు గీశాడు. దానిలో గాలికి తగిలే గాజు ముఖాలు ఎనిమిది. పూత లేని రోజుల్లో వాటి దగ్గర నూటికి ఇరవై ఎనిమిది వంతులు మళ్లిపోయేది. మళ్లింది ఊరికే పోకుండా లోపలే అటూ ఇటూ గంతులేసి బొమ్మను తెల్లబరిచేది. అందుకే ఆ లెన్సు పూతలు వచ్చేదాకా అంతగా వాడుకలోకి రాలేదు. 1971లో పెంటాక్స్ వాళ్లు ఒకదానిమీద ఒకటిగా అనేక పొరలు వేసిన లెన్సులు అమ్మకానికి తెచ్చారు. ఇప్పుడు మంచి ఫిల్టర్ల మీద ఉండేది ఆ తరహా పూతే. అలాంటి ఫిల్టరు మొత్తం మీద పోగొట్టేది ఒక శాతం అటూ ఇటూ. స్టాపుల్లో చెబితే డెబ్బయ్యో వంతు. దానికోసం దిగులు పడక్కర్లేదు.

మరి యూవీ అన్నారు కదా, అది కొంత వడకట్టేస్తుంది కదా అంటారు. నిజమే, వడకట్టేది అతినీలలోహిత కిరణాలను. వాటికి కన్ను స్పందించదు గానీ రీలు స్పందిస్తుంది. ఊటీలోనో, లంబసింగిలోనో దూరపు కొండలు రీలు మీద మరీ నీలంగా పాలిపోయి రావడానికి అవీ ఒక కారణం. మన ఊరి రాత్రిలో వాటి జాడ దాదాపు లేదు. ఇప్పుడు వీధిదీపాలు చాలావరకు ఎల్‌ఈడీలే. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది ఒక నీలం చిప్పు, దానిమీద పసుపుపచ్చ పూత. ఆ నీలం 450 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. యూవీ ఫిల్టరు కత్తెర పడేది 400కు దిగువన. అంటే హైటెక్ సిటీ రాత్రిలో ఆ ఫిల్టరుకు కోయడానికి ఏమీ దొరకదు. అది ఉత్త గాజు కాపలా మాత్రమే.

వెలుతురును నిజంగా మింగేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లను ఎవరూ అనుమానించరు.

మొదటిది మన ఆఫీసు కిటికీ. పద్నాలుగో అంతస్తు కేంటీన్ నుంచి మైండ్‌స్పేస్ జంక్షన్ దీపాలు బాగున్నాయని అద్దానికి ఆనించి బొమ్మ తీస్తారు. ఫిల్టరు తీయాలా వద్దా అని అక్కడ కూడా అడుగుతారు. ఆ కిటికీ రెండు పలకల అద్దమైతే ముఖాలు నాలుగు, అక్కడికే నూటికి పదిహేను పోయింది. దానికి తోడు ఎండ వేడి లోపలికి రాకుండా వేసే పూత ఉంటుంది. ఆ పూత ఉన్న అద్దాలు వెలుతురులో సగానికి సగం, కొన్ని అంతకంటే ఎక్కువే బయట ఆపేస్తాయి. స్టాపు పైచిలుకు అక్కడ పోతుంటే, ఎనిమిదో వంతు మింగిందని ఫిల్టరును నిందించడం ఎందుకు? కేంటీన్ దీపాల నీడ అద్దంలో పడకుండా లెన్సు చుట్టూ ఒక నల్ల గుడ్డ చుట్టుకోండి, అది నయం.

రెండోది రీలే. ఎక్స్‌పోజరు సెకనుకు చేరేసరికి రీలు బద్ధకిస్తుంది. మీటరు చెప్పినంత సేపు ఇచ్చినా వెలుతురును లెక్కప్రకారం అందుకోదు. కొడాక్ వాళ్ల ట్రై-ఎక్స్ 400 కాగితం చూడండి. మీటరు 1 సెకను చూపితే 2 ఇవ్వమంటుంది, 10 చూపితే 50, 100 చూపితే 1200 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలు. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ కొంచెం ఓర్పు గలది. దానికి 10 సెకన్లు ఇరవై అవుతాయి. ఫుజీ వాళ్ల అక్రాస్ 100 మాత్రం రెండు నిమిషాల దాకా సర్దుబాటే అక్కర్లేని రీలు. చెరువు ఒడ్డున స్టాండు వేసి వంతెన తీసేవాళ్లకు నల్లగా, మురికిగా బొమ్మలు రావడానికి ఎక్కువసార్లు అసలు కారణం ఇదే. నింద మాత్రం ఫిల్టరు మీద పడుతుంది.

వెన్నెల్లో తీయాలని ఉబలాటపడేవాళ్లకు కూడా ఒక మాట. పున్నమి వెన్నెల ఎండకంటే రమారమి నాలుగు లక్షల రెట్లు తక్కువ, కాబట్టి రీలు బద్ధకం అక్కడ ఇంకా ఎక్కువ. 1957 నాటి మాయాబజార్ సినిమాలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే చూపిన వెన్నెలను ఇప్పటికీ తలుచుకుంటాం. అది దీపాలతోనూ పనితనంతోనూ పుట్టించిన వెన్నెల, అసలు వెన్నెలైతే ఆ రోజుల్లో కదిలే బొమ్మ రీలుకు ఆనేదే కాదు.

మూడోది రంగు ఫిల్టర్లు, పోలరైజరు. పగలు ఆకాశం నల్లబడాలని పసుపుపచ్చ ఫిల్టరు పెట్టి ఉంటారు, దానికి ఒక స్టాపు. నారింజకు రెండు, ముదురు ఎరుపుకు మూడు. పోలరైజరు ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తినేస్తుంది. చీకట్లో అది లెన్సు మీదే ఉందన్న సంగతి మరచిపోవడం తేలిక. వెలుతురు తినే ఫిల్టర్లంటే ఇవీ. రక్షణ ఫిల్టరు వీటి జాతి కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

దుర్గం చెరువు వంతెన 2020 సెప్టెంబరు 25న తెరిచారు. మధ్య స్పాను 234 మీటర్ల దాకా ఉంటుంది. తీగల మీద రంగు దీపాలు, దారి పొడవునా తెల్ల దీపాలు, వెనక నల్లటి ఆకాశం, కింద నల్లటి నీళ్లు. ఫిల్టరు గుట్టు బయటపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు నగరంలో లేదు. ఇనార్బిట్ మాల్ వైపు ఒడ్డున నిలబడి ఇదే వంతెనను ఫోనుతో తీసి చూడండి. బొమ్మలో ఒక మూల దీపాలుంటే, ఎదురు మూల చీకట్లో ఆకుపచ్చ చుక్కలు తేలుతుంటాయి. ఫోను కదిపితే దీపాలు ఒక వైపు, చుక్కలు మరో వైపు పోతాయి. ఫోను పాడవలేదు. దాని లోపలి గాజులూ సెన్సరూ వెలుతురును ఒకదానికొకటి అప్పగించుకుంటున్నాయి, అంతే.

రీలు కెమెరాలో ఈ పని ఫిల్టరు చేస్తుంది. దీపం నుంచి వచ్చిన వెలుతురు లెన్సు గుండా వెళ్లి రీలు మీద చుక్కగా పడుతుంది. రీలు ముఖం కూడా నున్నటిదే, నూటికి నాలుగు వంతులు వెనక్కి కొడుతుంది. ఆ వెలుతురు వచ్చిన దారినే లెన్సులోంచి బయటికి వస్తుంది. దూరపు దీపం మీద ఫోకస్ చేసి ఉన్నాం కాబట్టి బయటికొచ్చే కిరణాలు సమాంతరంగా ఉంటాయి. ఎదురుగా చదునుగా నిలబడిన పూత లేని ఫిల్టరు వాటిలో 8 శాతాన్ని మళ్లీ లోపలికి పంపుతుంది. సమాంతరంగా వచ్చిన కిరణాలను లెన్సు ఏం చేస్తుంది? చక్కగా ఒక చుక్క మీదికి కూడదీస్తుంది. లెన్సు ముఖాలు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి వాటి మీంచి మళ్లిన వెలుతురు ఎక్కువగా చెదిరిపోతుంది. ఫిల్టరు చదును కాబట్టి దాని దొంగ బొమ్మ సూదిలా స్పష్టంగా పడుతుంది.

నాలుగు శాతంలో ఎనిమిది శాతమంటే వెయ్యిలో మూడు వంతులు. అదేం లెక్క అనిపించవచ్చు. కానీ వంతెన మీది దీపం దాని పక్కనున్న నల్లటి ఆకాశం కంటే వేల రెట్లు ప్రకాశవంతం. వేలల్లో వెయ్యికి మూడు చొప్పున తీసుకున్నా, ఆకాశం కంటే అదే ఎక్కువ. అందుకే కనిపిస్తుంది. పగలు ఇదంతా జరుగుతూనే ఉంటుంది గానీ, అంతటా వెలుతురే ఉండటంతో అందులో కలిసిపోతుంది.

కడిగించి తెచ్చిన నెగెటివ్‌ను ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూస్తే తెలుస్తుంది. దీపాలు నల్ల చుక్కల వరసగా పడి ఉంటాయి. బొమ్మ నడిబొడ్డుకు అటువైపు, తలకిందులుగా, కుడి ఎడమలు కూడా తారుమారై, అదే వరస లేత బూడిద రంగు చుక్కలుగా పడి ఉంటుంది. చెరువు బొమ్మలో ఈ చుక్కలు నీళ్ల మీద పడితే జనం నీడలనుకుని మురిసిపోతారు. నీళ్లలో పడే నీడ దీపానికి సరిగ్గా కిందే ఉంటుంది. ఫిల్టరు తెచ్చిన దొంగ చుక్క దీపం ఎడమనుంటే కుడివైపు తేలుతుంది. దానికి అలల వణుకు కూడా ఉండదు.

దీపం చుట్టూ ఎర్రటి గుండ్రని కాంతి కనిపిస్తే అది వేరే కథ. సినిమా రీలు వెనక ఉండే నల్ల పొరను తీసేసి అమ్మే సినీస్టిల్ 800టీ లాంటి రీళ్లలో, వెలుతురు రీలును దాటి వెనక పలకకు తగిలి తిరిగొచ్చి అలా ఎర్రబడుతుంది. ఫిల్టరు తీసినా అది పోదు. కొందరు దానికోసమే ఆ రీలు కొంటారు, నాకు మటుకు సైబర్ టవర్స్ నెత్తిన ఆ ఎర్ర వలయం చూస్తే కళ్లు గుంజుతాయి. బొమ్మంతా పాలు చల్లినట్టు తెల్లబడితే మాత్రం ఫిల్టరు మీద వేలిముద్ర ఉందేమో చూడాలి. వేలి జిడ్డు రాత్రి దీపాలకు పెద్ద శత్రువు.

ఇందులో రీలు వాడేవాళ్లకు ఇంకో కష్టం ఉంది. ఎస్సెల్లార్ కెమెరాలో కన్ను పెట్టి చూసేటప్పుడు అద్దం కిందికి దిగి ఉంటుంది, రీలుకు వెలుతురే తగలదు. కాబట్టి దొంగ చుక్కలు వ్యూఫైండరులో కనిపించవు. బటను నొక్కినప్పుడు అద్దం లేచి, ఆ కాస్త సేపట్లో అంతా జరిగిపోతుంది. రేంజిఫైండరులోనైతే మనం చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. ఫోనులోలాగా అక్కడికక్కడే చూసి జరుపుకునే వీలు లేదు. ల్యాబు నుంచి స్కాన్లు వచ్చినప్పుడే తెలిసేది. రీళ్ల ధరలు ఈ రోజుల్లో ఎలా ఉన్నాయో వాడేవాళ్లకు చెప్పక్కర్లేదు.

అయితే ఫిల్టరే వద్దని పారేద్దామా? వద్దు, దానికి కారణం మన నేల. సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించినప్పుడు చుట్టూ ఎక్కువగా బండలే. ఆ బండలు పగలగొట్టడం ఈనాటికీ ఆగలేదు. కోకాపేట, పుప్పాలగూడ, నార్సింగి వైపు వెళ్లండి, టిప్పర్ల వెనక లేచే ధూళి చూడండి. అది మామూలు మట్టి కాదు, గ్రానైటు పొడి. అందులో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో క్వార్ట్జ్‌ది 7, లెన్సు గాజు అయిదు, ఆరు దగ్గరే ఆగుతుంది. ఆ పొడి పడిన లెన్సును చొక్కా అంచుతో తుడిచామంటే పూత మీద మనమే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టు. గీతలు పడేది ఫిల్టరు మీదైతే ఫిల్టరు మార్చుకోవచ్చు. మేనమామ పెంటాక్స్ లెన్సు ఎక్కడి నుంచి తెస్తాం? తుడిచే ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊదండి. ఫిల్టరైనా సరే, ఊదకుండా తుడవొద్దు.

కొనేటప్పుడు పెట్టె మీద రాతలు చూసి మోసపోకుండా ఒక పరీక్ష చెబుతాను. కోఠీలోనో అబిడ్స్‌లోనో దుకాణంలో ట్యూబ్‌లైటు కింద ఫిల్టరును కాస్త వంచి పట్టుకోండి. గాజులో ట్యూబ్‌లైటు నీడ తెల్లగా, జిగేలుమంటూ కనిపిస్తే పూత లేదన్నమాట. నీడ మందంగా, లేత ఆకుపచ్చలోకో వంగపండు రంగులోకో దిగితే పొరల పూత ఉన్నట్టు. తర్వాత దాన్ని తెల్ల కాగితం మీద పెట్టండి. కాగితం కొంచెం గులాబీ రంగు తిరిగితే అది స్కైలైట్. నలుపు తెలుపు రీలుకు ఫరవాలేదు, కలర్ స్లైడుకు ముఖాల రంగు కాస్త మారుతుంది. ఏమీ మారకపోతే ఉత్త గాజు, మనకు కావలసింది అదే. పూత ఉన్న ఫిల్టరుతో దొంగ చుక్కలు బాగా పలచబడతాయి. పూర్తిగా పోతాయని మాత్రం హామీ ఇవ్వలేను.

మీటరు గురించి కూడా అడుగుతారు. లెన్సులోంచి కొలిచే మీటరైతే, అంటే పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 లాంటివి, ఫిల్టరు తిన్నది పోగా మిగిలినదే కొలుస్తాయి. మనం ఏమీ కలపక్కర్లేదు. కానొనెట్ క్యూఎల్17 లో మీటరు కన్ను లెన్సు చట్రంలోనే ఉంది, ఫిల్టరు దానిమీద కూడా కప్పుకుంటుంది, కాబట్టి అదీ అంతే. యాషికా ఎలక్ట్రో 35 కన్ను మాత్రం పైన, లెన్సుకు దూరంగా ఉంటుంది. ఫిల్టరు ఉన్న సంగతి దానికి తెలియదు. చేతి మీటరుకూ, ఫోనులో మీటరు యాప్‌కూ అంతే. రక్షణ ఫిల్టరుతో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. పసుపుపచ్చది పెట్టినప్పుడు మాత్రం ఒక స్టాపు మీరే ఇచ్చుకోవాలి.

వంతెన తీయడానికి వంతెన మీదే బండి ఆపకండి, చెరువు ఒడ్డునే స్టాండు వేసుకోండి. కెమెరా బిగించి, ఫోకస్ చేసుకున్నాక ఫిల్టరు విప్పి డబ్బాలో పెట్టుకోండి. లెన్సు హుడ్ ఉంచండి, పక్క నుంచి కొట్టే హెడ్‌లైట్లను అది ఆపుతుంది. బొమ్మలో దీపాలేవీ లేనప్పుడు, అంటే టీ తాగుతున్న వాళ్ల ముఖాల మీద పక్కనుంచి వెలుతురు పడుతున్నప్పుడు, ఫిల్టరు ఉన్నా లేకపోయినా ఒకటే. తుంపర పడుతుంటే ఉంచడమే మేలు. మెట్రో మెట్ల మీద జనం తోసుకుంటున్నప్పుడు కూడా ఉంచండి.